కొత్త యాప్ ఎందుకు, ఉన్నవి వాడితే చాలదా?
అత్యవసర వైద్యానికీ బడి చదువుకీ వేరే కొత్త యాప్‌లు కావాలన్నట్టు కొందరు రాస్తున్నారు గానీ, చేతిలో ఉన్న ఫోన్‌నే మనం సగం కూడా వాడట్లేదు. లాక్ తీయకుండానే కనిపించేలా బ్లడ్ గ్రూపు, పడని మందులు, ఇంట్లోవాళ్ల నంబరు పెట్టుకునే సెట్టింగ్ ఉంది, ఎంతమంది నింపారు? (నేనూ మొన్నటిదాకా నింపలేదు లెండి.) గుండె ఆగిన మనిషికి ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, ఆ టెన్షన్‌లో లెక్క తప్పుతుంది కాబట్టి, ముందు అంబులెన్స్‌కి ఫోన్ చేసి, పక్కవాళ్ల ఫోన్‌లో మెట్రోనోమ్ (నిమిషానికి ఇన్నిసార్లు అని పెడితే ఒకే వేగంతో టిక్ టిక్‌మనేది) 110 దగ్గర పెడితే ఆ టిక్ టిక్‌కే చేతులు నడుస్తాయి. బడిలోనూ అంతే, కింద పడే బంతిని స్లో మోషన్‌లో తీసి ఒక్కో ఫ్రేమూ ఆపితే, దూరం ఎలా పెరుగుతోందో పిల్లలే స్కేలు పెట్టి కొలుస్తారు.