యముడి చేతికి సెల్‌ఫోన్ ఇస్తే సరిపోద్దా అబ్బయా?

ఉదయగిరి కోట మీద డ్రోన్ ఎగరేసి కామెడీ జానపదం తీద్దామనే ఉత్సాహం మన నెల్లూరు, ఒంగోలు కుర్రాళ్లకి బాగానే ఉంది. సంతోషం. కానీ వాళ్లు తీసేవాటిల్లో యముడు రీల్స్ చూస్తాడు, చిత్రగుప్తుడు లాప్‌టాప్ కొడతాడు, రాకుమారి ఇంగ్లీషులో తిడుతుంది. రెండో నిమిషానికే జోకు అయిపోద్ది. మిగతా పద్దెనిమిది నిమిషాలు అరుపులే.

మూసని, అంటే జానపదాల్లో ఎప్పుడూ చూసే ఆ రాజు, రాక్షసుడు, శాపం పద్ధతిని, తిప్పికొట్టాలంటే ముందు ఆ మూసని నమ్మించాలయ్యా. మాయాబజార్ (1957) పెళ్లి సీను చూడండి. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకి తెలుసు, పెళ్లికొడుక్కి తెలీదు. సావిత్రి మనవైపు చూసి కన్ను కొట్టదు. పెళ్లికూతురి వాలకం చెడకుండానే లక్ష్మణకుమారుడి కాలు తొక్కుద్ది. మొదట్నించీ రౌడీలాగా కూర్చునుంటే ఆ తొక్కుడికి నవ్వెక్కడిది? చివర్లో శకుని చేత నిజం కక్కించడానికి కూడా కత్తియుద్ధం పెట్టలేదు, ఒక మాయపెట్టె ఎక్కించారు. ఎక్కమని చెప్పే సాత్యకి మొహంలో వెటకారం వెతికినా దొరకదు.

టీవీలో ఇదే పని చేసింది గాలవంట్ అనే అమెరికా కామెడీ సీరియల్. 2015, 16ల్లో అక్కడి ఏబీసీ ఛానెల్లో వచ్చింది, రెండు సీజన్లు, 18 ఎపిసోడ్లు. (చూడనోళ్లు ఈ పేరా దాటేయండి.) మొదటి ఎపిసోడ్‌లోనే వీరుడు ప్రియురాలి పెళ్లి ఆపడానికి కోట మీద పడతాడు. ఆమె రాజు దగ్గరున్న డబ్బూ పేరే కావాలంటుంది. అది తేలిక మలుపు, ఎవరైనా రాస్తారు. అసలు పనితనం రెండో సీజన్‌లో ఉంది. రాజు రిచర్డ్ ఒక బల్లిని చంకనేసుకుని డ్రాగన్ అంటాడు. అందరూ నవ్వుతారు, మనమూ నవ్వుతాం. చివరికి అది నిజంగానే డ్రాగనవుద్ది! మూసని ఎక్కిరించడం అలవాటైన మనకి ఆ మూసే తిరిగొచ్చి తగులుద్ది. అన్ని ఎపిసోడ్లూ రాజు ఒక్కసారి కూడా సందేహపడలేదు కాబట్టే అది నిలబడింది.

ఇరవై నిమిషాల ఎపిసోడ్ రాసేవాళ్లు ఇట్టా చూసుకోండి. మొదటి మూడు నిమిషాల్లో మీ లోకం నియమం ఒకటి చూపించండి, జోకు లేకుండా. శాపమో, వరమో, ఏదైనా సరే. మధ్యలో ఒకడు ఆ నియమం పాటించి నష్టపోవాలి. విరగ్గొట్టేది మూడోసారి, అదీ పాత్ర అవసరం కొద్దీ, మీకు ఐడియా తట్టిందని కాదు. విరగ్గొట్టినోడికి ఏదో ఒకటి పోవాలి. పోకపోతే తర్వాత ఏ శాపానికీ ఎవరూ భయపడరు, భయం లేని చోట కామెడీ కూడా చప్పబడిపోద్ది. ఒక ఎపిసోడ్‌కి ఒక్క విరుపు చాలు. రాక్షసుడు మాత్రం నిజంగా భయపెట్టాలి. అట్టముక్క కిరీటం పెట్టారంటే, మీరు తిప్పికొట్టకముందే మూస చచ్చిపోయినట్టు.

ఇంకోటి, జోకు జోకుకీ ఆ టొయ్‌య్ మనే సౌండు తీసెయ్యండి సామీ. డైలాగ్ అయ్యాక రెండు సెకన్లు ఎదుటోడి మొహం మీద ఉంచండి. నవ్వొచ్చేది అక్కడే, మీరేమో సరిగ్గా అక్కడే కట్ చేస్తున్నారు.