ఇంట్లో వండిన రంగులు: ఒక వాదోపవాదం

పిల్లలు బొమ్మలకు పూసుకునే రంగులను పెద్దలు వాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని ఇంట్లోనే తయారు చేయడం మంచిదా, కాదా అన్నది ఇక్కడి వాదం. చేయాలనే పక్షాన మూడేళ్ల కొడుకు, ఐదేళ్ల కూతురు ఉన్న ఒక తల్లి మాట్లాడుతున్నారు. వద్దనే పక్షాన చిన్న తరగతులకు చిత్రలేఖనం నేర్పే ఒక మాస్టారు మాట్లాడుతున్నారు.

మాస్టారు: నా మొదటి అభ్యంతరం బొమ్మ గురించేనమ్మా. పిల్లవాడు బ్రష్ పట్టుకుని గీత గీస్తే అది వాడు అనుకున్నట్టు పడాలి. ఇంట్లో కలిపిన రంగు ఒకచోట ముద్దగా, మరోచోట నీళ్లలా ఉంటుంది. నిరుడు ఒక పాప మైదా, ఉప్పు, నీళ్లు సమానంగా కలిపి చేసిన రంగుతో సూర్యుణ్ణి వేసి, కాగితం చుట్టగా చుట్టి ఎంతో ఆశగా తరగతికి తెచ్చింది. విప్పేసరికి సూర్యుడిలో సగం పెచ్చులూడి పాప ఒళ్లో రాలింది. పాప ఆ పసుపు పెచ్చులను ఏరి మళ్లీ కాగితం మీద అతికించాలని చూసింది. ఆ తర్వాత నెలరోజుల దాకా ఆ పాప బ్రష్ ముట్టుకోలేదు.

తల్లి: ఆ పాపను తలుచుకుంటే నాకూ బాధగానే ఉంది మాస్టారూ. అయితే ఉప్పు అంత పోసిన రంగును మందంగా పూసి, ఎండాక చుట్ట చుడితే పగలక తప్పదు. అట్ట మీద పలుచగా పూసి ఉంటే చాలావరకు నిలిచేది. నేను రంగులు చేయించేది బొమ్మ బాగా రావాలని మాత్రమే కాదు. సీసాలోంచి పిండుకునే పిల్లకు రంగు అంటే ఒకే వస్తువు. గిన్నెలో కలిపిన పిల్లకు అందులో రెండు పనులున్నాయని తెలుస్తుంది: ఒకటి రంగునిస్తుంది, మరొకటి ఆ రంగును కాగితానికి పట్టి ఉంచుతుంది. తైలవర్ణాలు వ్యాపించక ముందు ఐరోపాలో చిత్రకారులు ఖనిజాల పొడులను మెత్తగా నూరి, గుడ్డు పచ్చసొనలో కలిపి చెక్క పలకల మీద చిత్రాలు వేసేవారు. ఆ నూరడం దగ్గరే శిష్యుల చదువు మొదలయ్యేది. మీకు తెలియనిదేమీ కాదు.

మాస్టారు: తెలుసు కాబట్టే భయపడుతున్నాను. వాళ్లు నూరిన పొడుల్లో విషాలూ ఉన్నాయి: సీసం లోహంతో చేసిన తెలుపు ఉంది, పాదరసం ఉన్న ఇంగిలీకం అనే ఎరుపు ఉంది, పాషాణం (ఆర్సెనిక్) ఉన్న హరిదళం అనే పసుపు ఉంది. చేత్తో చేసుకున్నదల్లా క్షేమమని అనుకోలేము. వంటింటి సరుకునూ అలా నమ్మకండి. 2016లో అమెరికాలో పచ్చి పిండి వల్ల ఇ-కోలై అనే సూక్ష్మజీవి సోకి చాలామంది జబ్బుపడినప్పుడు, పిల్లలకు ఆడుకోవడానికి పచ్చి పిండి ముద్దలు ఇవ్వవద్దని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఉప్పు సంగతి ఇంకా గట్టిగా చెబుతాను. పసిపిల్లలు గుప్పెడు ఉప్పు ముద్ద మింగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది. గోధుమ, గుడ్డు, పాలు పడని పిల్లలు ఉండనే ఉన్నారు. వేళ్లతో పూసే రంగులకు ఐరోపాలో ఉన్న ప్రమాణం ప్రకారం వాటిలో చేదు పదార్థం కలిపి తీరాలి. పిల్లవాడు నోట్లో పెట్టుకోగానే ఉమ్మేయాలని ఆ ఏర్పాటు. మీ గిన్నెలో రంగు తియ్యగానో చప్పగానో ఉంటుంది, వాడు ఇంకో వేలు ముంచుతాడు.

తల్లి: పచ్చి మైదా విషయంలో మీతో వాదించను. ఒకప్పుడు నేనూ దానితోనే చేశాను, మానేశాను. పొడి పిండిని మూకుడులో వేయిస్తే సరిపోతుందని చాలామంది అంటారు. పొడిగా ఉన్నప్పుడు ఆ సూక్ష్మజీవులు వేడిని ఎక్కువగా తట్టుకుంటాయి కనుక ఆ మాటను నమ్మలేము. అందుకే నేను రంగును వండుతాను. నాలుగు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్‌ను అర కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపడం మా అమ్మాయి పని. వేడి నీళ్లలో నేరుగా పోస్తే ఉండ పైపొర ఉడికి మూసుకుపోతుంది, లోపల పిండి పొడిగానే మిగులుతుంది. ఇది పాప ఒకసారి తప్పు చేసి, ఉండను చిదిమి చూసి తెలుసుకుంది. మరో ఒకటిన్నర కప్పు నీళ్లు చేర్చి సన్నని మంట మీద కలపడం నా పని. పిల్లలు పొయ్యికి దూరంగా బల్ల దగ్గర కూర్చుంటారు. చాలాసేపు ఏమీ జరగదు, గిన్నెలో తెల్లని నీళ్లే తిరుగుతుంటాయి. 70 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో పిండి రేణువులు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి, గరిటె ఒక్కసారిగా బరువెక్కుతుంది, తెలుపు పోయి గాజులాంటి జిగురు కనిపిస్తుంది. అది ఉడుకు పట్టి కాసేపు కుతకుతలాడాకే దించుతాను. మొదటిసారి గిన్నె దగ్గరకు తెచ్చి చూపినప్పుడు, “అమ్మా, నీళ్లకు ఏమైంది?” అని మా చిన్నవాడు అడిగాడు. అలాంటి ప్రశ్న సీసా మూత తీసినప్పుడు ఎప్పుడైనా వచ్చిందా మాస్టారూ?

మాస్టారు: రాదు. ఆ ప్రశ్న గొప్పదే. మరి ఉప్పు?

తల్లి: వండిన రంగుకు ఉప్పు అక్కరలేదు. నిల్వ తగ్గుతుంది, నిజమే. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులకు మించి ఉంచను. వాసన మారినా, చుక్క బూజు కనిపించినా పారబోస్తాను. చేదు మాత్రం నా గిన్నెలో లేదు, ఆ లోటు ఒప్పుకుంటాను. అందుకే పక్కన కూర్చోకుండా చిన్నవాడి చేతికి గిన్నె ఇవ్వను. గెడ్డం గీసుకునే నురగతో ఉబ్బెత్తు రంగులు చేసే పద్ధతిని మా ఇంటికి అసలు రానివ్వను. ఇంకా అన్నీ నోట్లో పెట్టుకునే పిల్లలున్న చోట దానికి తావు లేదు.

మాస్టారు: సరే, రంగు దగ్గరకే వద్దాం. ఆ వండిన జిగురులో రంగు కోసం మీరు కలిపే ఫుడ్ కలర్ నీళ్లలో కరిగిపోయే రకం. అందుకే అది వేళ్లనూ బట్టలనూ పట్టుకుని వదలదు. చిత్రకారుల రంగు కరగని సన్నని పొడి, జిగురులో తేలుతూ కాగితం మీద కూర్చుంటుంది. పసుపు కలిపితే ఎండకు వెలిసిపోతుంది. బీట్‌రూట్ కొద్ది రోజుల్లో మట్టిరంగుకు తిరుగుతుంది. పిల్ల ఎంతో కష్టపడి వేసిన బొమ్మ కళ్లముందే చెరిగిపోతే, మీరు నేర్పింది ఏమిటి?

తల్లి: రంగు మారుతుందన్నది నేర్పాను. పసుపు కలిపిన జిగురులో చిటికెడు వంటసోడా వేస్తే ఎరుపు వైపు తిరుగుతుంది. ఎర్ర క్యాబేజీ ఉడికించిన నీళ్లకు నిమ్మరసం తగిలితే గులాబీ, వంటసోడా తగిలితే నీలం వస్తుంది. మా అమ్మాయి ఒకే క్యాబేజీ నీళ్లతో పువ్వునూ ఆకాశాన్నీ వేసింది. అవి వెలిసిపోయాయి. ఎందుకు వెలిసిందని అడిగింది, బాధపడలేదు. తాను చేసిన రంగు కనుక మళ్లీ చేయగలనని తెలుసు.

మాస్టారు: మీ పిల్ల బాధపడలేదు, మా తరగతి పాప బాధపడింది. వెలిసిపోతుందని ముందే తెలిసి వేయడం వేరు, దాచుకోవాలని వేసింది పోవడం వేరు. గోడకు పెట్టుకోవాలనుకున్న బొమ్మకైనా మంచి రంగు కొనివ్వండి. ఒక పని చేయండి. ఒకే అట్ట మీద సగం మీరు వండిన రంగు, సగం కొన్న రంగు పాపచేత పూయించి, తేదీ వేసి కిటికీ దగ్గర నెలరోజులు ఉంచండి. దేనికి ఏది కావాలో పాపనే చెప్పనివ్వండి.

తల్లి: ఉంచుతాను. వెలిసిన సగాన్ని కూడా పారేయకుండా మీకే పంపుతాను. చిన్నవాడికి మాత్రం ఇంకో ఏడాది వండినదే ఇస్తాను మాస్టారూ, బాగా చల్లారాక, నా ఒళ్లో కూర్చోబెట్టుకుని.