చీలమండ బిగిస్తే క్లినిక్కా, ఇంటి గోడా?

అంశం: చీలమండ విరిగి కట్టు విప్పాక, పట్టేసిన కీలు వదలాలంటే రోజూ ఫిజియో దగ్గరికి వెళ్లాల్సిందేనా?
వేదిక: బెంగళూరు మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంట్ హాలు. వాదించేది ఒక ఎముకల సర్జన్, ఒక ఫిజియోథెరపిస్టు.

సర్జన్: అక్కర్లేదన్నది నా పక్షం. 2015లో జామా అనే వైద్య పత్రికలో ఒక ఆస్ట్రేలియా పరిశోధన వచ్చింది. చీలమండ విరిగి కట్టు విప్పిన 214 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఫిజియో పర్యవేక్షణలో వ్యాయామాలు, రెండో జట్టుకు ఒక్కసారి కూర్చోబెట్టి సలహా. ఆరు నెలల దాకా చూసినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇక్కడి ట్రాఫిక్‌లో వాచిన కాలు ఆటోలో వేలాడేసుకుని రోజూ గంటసేపు తిరిగితే పెరిగేది వాపే.

ఫిజియో: డాక్టరు గారూ, ఆ రెండో జట్టుకు సలహా ఇచ్చింది ఎవరు? ఫిజియోనే. కాలు చూసి, ఏం చేయాలో ఎలా పెంచుకోవాలో వివరంగా చెప్పి పంపారు. మన దగ్గర డిశ్చార్జి కాగితం మీద ఉండేది ‘మెల్లగా నడవండి’ అన్న రెండు మాటలు. ఆ రెండు మాటలూ, ఆ పరిశోధనలో ఇచ్చిన సలహా ఒకటేనా?

సర్జన్: సరేనమ్మా, కాగితం నేనే నింపుతాను. ఎక్స్‌రే చూసి బరువు వేయొచ్చని చెప్పేదాకా కూర్చునే చేయాలి. కుర్చీలో కూర్చుని పాదం నేలకు ఆనించి, మడమ లేవకుండా కుర్చీ కిందికి వెనక్కి జరపాలి. లేవబోతోందనిపించిన చోట ఆగి 30 సెకన్లు. అలా నాలుగుసార్లు, పూటకోసారి. బరువు వేయొచ్చన్నాక గోడ దగ్గరికి. కాలి బొటనవేలు గోడకు ఎదురుగా పెట్టి, మడమ నేలమీదే ఉంచి, మోకాలు గోడకు తగిలించాలి. తగిలినకొద్దీ పాదం వెనక్కి. బొటనవేలికీ గోడకూ మధ్య దూరం టేపుతో కొలిచి రాసుకోవాలి. ఒక సెంటీమీటరు పెరిగితే సుమారు మూడున్నర డిగ్రీలు వచ్చినట్టు. దీనికి క్లినిక్ ఎందుకు?

ఫిజియో: మోకాలు గోడకు తగులుతుంది, నిజమే. ఎలా తగిలిందో ఎవరు చూస్తారు? పాదం బయటికి తిప్పేసి, లోపలి వంపు నేలకు కూలబెట్టి తగిలిస్తారు. టేపు మీద 8 సెంటీమీటర్లు ఉంటుంది, కీలు మాత్రం కదిలి ఉండదు. మోకాలు రెండో వేలి మీదుగా వెళ్లాలి, ఆ ఒక్క మాట మీ కాగితంలో లేదు. ఇంకోటి, ఎక్కడ పట్టేస్తోందని అడగాలి. పిక్కలో లాగితే కండరం కుదించుకుంది, సాగదీతకు వదులుతుంది. చీలమండ ముందు వైపు నొక్కినట్టుంటే కథ వేరు. కాలి ఎముకల కింద కీలులో ఇమిడే తాలస్ ఎముక ముందు భాగం వెడల్పు. పాదం పైకి వంగేటప్పుడు అది వెనక్కి జారాలి. వెనక కీలు పొర అతుక్కుపోతే జారదు, ముందు నలుగుతుంది. అక్కడ ఎంత సాగదీస్తే అంత నొప్పి. తాలస్‌ను వెనక్కి నెట్టే చేతిపని అప్పుడు అవసరం.

సర్జన్: చేతిపనికి కూడా నిరూపణ తక్కువే. 2008లో 94 మంది మీద చేసిన పరిశోధనలో మామూలు ఫిజియోథెరపీకి అదనంగా చేతిపని కలిపినా ఫలితం మారలేదు.

ఫిజియో: పాదం పట్టుకుని గట్టిగా లాగే క్లినిక్‌లను నేను సమర్థించడం లేదు. అసలు పిక్క అంత కుదించుకోవడానికి కారణం ఏమిటో కూడా చెప్పండి. పాదం 90 డిగ్రీల్లో ఉంచి వేయాల్సిన స్లాబు, అంటే సగం పిండికట్టు, వేళ్లు కిందికి వేలాడుతుంటే అలాగే వేసేస్తారు. ఆరు వారాలు ఆ వంపులోనే ఉన్న పిక్కను తర్వాత నా దగ్గరికి పంపిస్తారు.

సర్జన్: అది ఒప్పుకోవాల్సిందే. స్లాబు ఆరేదాకా పాదం పట్టుకుని నిలబడాలి. (హాల్లో నవ్వులు.) కానీ రోగి చేసే తప్పులు అంతకన్నా ఎక్కువ. ఊతకర్ర దెబ్బ తగిలిన వైపే పట్టుకుంటారు, పట్టుకోవాల్సింది రెండో చేతిలో. పొద్దున్న బాగా వంగిందని సాయంత్రం రెట్టింపు చేస్తారు. నేను పెట్టే కొలత ఇది: చేసేటప్పుడు నొప్పి పదికి నాలుగు దాటకూడదు, మర్నాడు పొద్దున్నకి వాపు ముందు రోజు కంటే ఎక్కువ ఉండకూడదు. ఉంటే సగానికి తగ్గించాలి. పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి. కుర్చీలో పీట మీద పెడితే చాలదు.

ఫిజియో: అందరూ నడకను చూస్తారు, నేను మెట్లు దిగడం చూస్తాను. చదును నేల మీద నడవడానికి పైవంపు సుమారు 10 డిగ్రీలు సరిపోతుంది. బాగున్న కాలు కింది మెట్టు మీద వేసేటప్పుడు పై మెట్టు మీదున్న విరిగిన కాలు అంతకంటే బాగా వంగాలి. ఇండియన్ టాయిలెట్‌కు ఇంకా ఎక్కువ. బీఎంటీసీ బస్సు దిగేవాళ్లు ‘నడుస్తున్నానుగా’ అని వ్యాయామం మానేస్తే అక్కడే ఆగిపోతారు. బైకు వెనక బ్రేకు కుడి పాదం కింద ఉంటుంది, ఆ కాలే విరిగితే హఠాత్తుగా నొక్కగలనన్న నమ్మకం వచ్చేదాకా ఎక్కకూడదు.

సర్జన్: పిక్క బలం?

ఫిజియో: మొదట రెండు కాళ్ల మీద మడమలు లేపడం, పదేసి మూడుసార్లు. తర్వాత లేవడం రెండు కాళ్లతో, దిగడం ఒక్క కాలితో. చివరికి ఒంటికాలి మీద, రెండో కాలు ఎన్నిసార్లు చేస్తుందో అన్నీ. సాగదీతలో మోకాలు నిటారుగా ఒకసారి, వంచి ఒకసారి, ఎందుకంటే పిక్కలోని పై కండరం మోకాలు దాటి వెళ్తుంది, కింది కండరం దాటదు. ఇవన్నీ ఇంట్లోనే. నేను రోజూ రమ్మనను. మొదట ఒకసారి, రెండు వారాలకు ఒకసారి, గోడ కొలత రెండు వారాలు కదలకపోతే మళ్లీ.

సర్జన్: అలాగైతే మీరు నా పక్షంలోకి వచ్చేశారు.

ఫిజియో: సగమే. ముందు వైపు నలిగేవాళ్ల సంగతి మీరింకా చెప్పలేదు.

సర్జన్: వాళ్లకు ఎక్స్‌రే మళ్లీ తీయాలి. ఎముక సరిగ్గా కూర్చోలేదేమో, మోకాలి కింది రెండు ఎముకలు టిబియా, ఫిబులాల మధ్య అడ్డంగా వేసిన స్క్రూ బిగించేస్తోందేమో చూడాలి. కాలు మంటగా, రంగు మారి, ముట్టుకుంటే భరించలేనట్టు ఉంటే సీఆర్‌పీఎస్ అనే నరాల సంబంధమైన తీవ్ర నొప్పి జబ్బు కావచ్చు, అప్పుడు బలవంతంగా వంచడం పూర్తిగా ఆపాలి. ఒక్క పిక్క మాత్రమే వేడిగా గట్టిగా ఉబ్బితే ఫిజియో దగ్గరికీ వద్దు, నా ఓపీ కోసమూ ఆగొద్దు, అదే రోజు ఎమర్జెన్సీకి. సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

ఫిజియో: ఆ నాలుగు మాటలే డిశ్చార్జి కాగితం మీద రాయండి, డాక్టరు గారూ. ‘మెల్లగా నడవండి’ కొట్టేసి.