నాలుగు రెట్లు సరే, పేగు మాటేమిటి?

మా ఆముదాలవలస చుట్టాల వాట్సాప్‌లో వారం రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. "తల్లిపాలలో కాల్షియం తక్కువ, ఆవుపాలలో నాలుగు రెట్లు ఎక్కువ. పసిబిడ్డ పేగు తెరిచిన గేటు, ఎంత పోస్తే అంత పీల్చుకుంటుంది. మూడో నెల నుంచే ఆవుపాలు, చోడి (రాగి) జావ పట్టండి. డి విటమిన్ చుక్కలు దండగ." మా పెద్దమ్మ ఒక్కర్తే మూడుసార్లు పంపింది. పిల్లలకు బయాలజీ చెప్పేవాణ్ణి, ఊరుకోలేకపోయాను.

నాలుగు రెట్లన్నది అబద్ధం కాదు. లీటరు తల్లిపాలలో సుమారు 250–300 మిల్లీగ్రాములుంటే ఆవుపాలలో 1200 దాకా ఉంటుంది. కానీ తల్లిపాలలో ఉన్నదాంట్లో సగానికి పైగా బిడ్డ ఒంటికి పడుతుంది. ఆవుపాలతో భాస్వరం కూడా ఐదారు రెట్లు వస్తుంది. పసికందు కిడ్నీలు దాన్ని వదిలించుకోలేకపోతే రక్తంలో కాల్షియం పడిపోతుంది, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. ఎముకల కోసమని పోస్తే జరిగేది ఇదీ.

గేటు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పేగులోంచి కాల్షియం రెండు దారుల్లో రక్తంలోకి వెళ్తుంది. ఒకటి కణాల మధ్య సందు: ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకి దానంతటదే జారుతుంది. రెండోది కణం లోంచే. టీఆర్‌పీవీ6 అనే ద్వారం గుండా లోపలికొస్తే, కాల్‌బిండిన్ అనే ప్రోటీన్ అవతలి అంచుకు మోస్తుంది, అక్కడో పంపు శక్తి ఖర్చుపెట్టి బయటికి తోస్తుంది. పెద్దవాళ్లలో ఈ రెండో దారి చాలావరకు డి విటమిన్ చేతిలో ఉంటుంది. పాలు తాగే వయసులో అలా కాదు. డి విటమిన్‌ను గుర్తించే గ్రాహకం లేకుండా పుట్టిన చిట్టెలుక పిల్లలకు కూడా పాలు తాగినన్నాళ్లు రక్తంలో కాల్షియం బాగానే ఉంటుంది, పాలు మానాకే పడిపోతుంది. పైగా ఎలుక పిల్లల్లో చిన్నపేగు కింది భాగాల్లో కూడా కణం లోంచి దారి నడుస్తుంది, పెద్దయ్యాక అది ఆగిపోతుంది. అంటే గేటు ఉన్నమాట నిజమే. అది తల్లిపాల కొలతకు కట్టిన గేటు.

మరి చుక్కలు దండగేనా? కాదు. ఎలుక పిల్ల మూడు వారాలకే పాలు మానేస్తుంది, మన బిడ్డకు ఏడాది గడవాలి, కాబట్టి ఎలుకల్లో చూసింది మన బిడ్డకు అలాగే సరిపోతుందనుకోలేం. తల్లిపాలలో డి విటమిన్ బాగా తక్కువ. అందుకే మన పిల్లల డాక్టర్లు మొదటి ఏడాదంతా రోజుకు 400 యూనిట్లు వేయమంటారు. వేయాల్సిందే.

ఇక చోళ్లు. వంద గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం, మన ధాన్యాల్లో దానికి సాటి లేదు. అయితే వాటిలోని ఫైటేట్ అనే పదార్థం కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి పిండి పడితే అది కొంత తగ్గుతుంది. ఆరు నెలలు నిండాక ఆ జావ పట్టండి, తల్లిపాలు మాత్రం మానకండి.

ఇదంతా ఫోన్లో పెద్దమ్మకు చెప్పాను. ఓపిగ్గా విని, "నిన్ను మూడో నెల నుంచే చోడి జావతో పెంచాం, నీకేటయిందిరా?" అంది. ఆ మెసేజ్ మాత్రం మళ్లీ పంపలేదు.