తాడు కిటికీలు: వదినకీ నాకూ తెగని పంచాయితీ

బరంపురంలో మా తాత కట్టించిన ఇంటికి ముందు గదిలో మూడు కిటికీలున్నాయి. అందరి ఇళ్ళలోలా రెక్కలు బయటికి తెరుచుకునేవి కావు. పైనొకటి కిందొకటి అద్దాల పలకలుంటాయి, అవి నిలువునా పైకీ కిందికీ జరుగుతాయి. ఇంగ్లీషులో సాష్ కిటికీలంటారు, మా ఇంట్లో తాడు కిటికీలంటాం. గోపాల్‌పూర్‌లో ఎవరో దొర బంగళా పడగొడుతుంటే తాత కొని ఎడ్లబండి మీద తెచ్చాడట. ఇప్పుడు ఆ మూడింటిలో ఒకటి తెరుచుకోదు, ఒకటి మూసుకోదు, మూడోది ఎత్తి వదిలితే దబ్బున పడుతుంది. ఆ ఇంట్లో ఉండేది అన్నయ్యా వదినా, నేను హైదరాబాదులో. ఈసారి సెలవుకి వెళ్తే వదిన కాఫీతో పాటు యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్, కిటికీల కొటేషన్ కూడా చేతిలో పెట్టింది. అక్కడ మొదలైంది. రాసేది నేను కాబట్టి నా మాటలే పొడుగ్గా ఉంటాయి, సర్దుకోండి.

వదిన: మూడింటికీ కలిపి 52 వేలు. సోమవారం వచ్చి కొలతలు తీసుకుంటామన్నారు. వచ్చే ఠాకురాణి యాత్రకి, మన ఊరి అమ్మవారి జాతరకి, ఇంటినిండా చుట్టాలుంటారు, అప్పటికైనా ముందు గదిలో గాలి ఆడాలి కదా. నువ్వు సగం వేసుకుంటానంటే సంతోషం, లేదంటే మీ అన్నయ్యే చూసుకుంటారు.

మరిది: డబ్బు సంగతి తర్వాత వదినా. అసలు వీటికి ఏం రోగమొచ్చిందో ఎవరైనా చూశారా?

వదిన: ముసలితనం. దానికి మందు లేదు.

మరిది: అలా కాదు, ఇటు రండి, ఈ తెరుచుకోనిదాన్ని చూడండి. వానకి చెక్క ఉబ్బి బిగుసుకుందని మీరంటారు. మరి ఎండాకాలంలో కూడా కదలదేం? నాన్న ఉన్నన్నాళ్ళూ ప్రతి సంక్రాంతికీ ఆకుపచ్చ మీద ఆకుపచ్చ వేయించాడు. పలకకీ చట్రానికీ మధ్య అట్టముక్క మందం సందుండాలి, ఆ సందంతా రంగే. సన్నటి చాకుతో ఆ గీత వెంట నాలుగు వైపులా కోసి, చెక్కముక్క అడ్డంపెట్టి సుత్తితో మెల్లగా తడితే కదులుతుంది. జారే దారిలో కొవ్వొత్తి రుద్దితే చాలు. ఇక ఈ పడిపోయేది. ఇటూ అటూ గోడ పక్కన చెక్క పెట్టెలున్నాయి కదా, వాటిలో ఇనుప గుండ్లు వేలాడుతుంటాయి. పలకకి కట్టిన తాడు పైనున్న గిలక మీదుగా వెళ్ళి గుండుకి ముడిపడి ఉంటుంది, మన నూతి గిలకే అనుకోండి. పలక బరువులో సగం ఈ పక్క గుండు, సగం ఆ పక్క గుండు. అందుకే చిన్నప్పుడు ఒక్క వేలితో ఎత్తేవాళ్ళం. పై పలకకి కట్టే గుండ్లు పిసరంత బరువెక్కువ, అది పైనే నిలబడాలి గనక. కింది పలకవి పిసరంత తక్కువ, మూశాక మూసుకునే ఉండాలి గనక. ఇంత లెక్క కట్టినవాడి పనిని, తాడు తెగిందని పీకి పారేస్తామా?

వదిన: తాడు తెగితే తాడు మార్చాను కదా! ఫైలిన్ తుఫాను తర్వాత ఆ కిటికీకి నేనే అద్దం వేయించాను, తాడూ వేయించాను. రెండేళ్ళకే మళ్ళీ తెగింది.

మరిది: అద్దం ఎంత మందం వేశారు?

వదిన: అయిదు మిల్లీమీటర్లు. ఈసారి పగలకూడదని గట్టిది అడిగి మరీ వేయించాను.

మరిది: పాతది మూడు కూడా ఉండదు. చదరపు మీటరు అద్దం ఒక్కో మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. మన పలక ముప్పావు మీటరుకి కొంచెం తక్కువ. అంటే దాని నెత్తిన మూడు కిలోల పైన ఎక్కించారు, గుండ్లేమో పాతవే. పడక ఏం చేస్తుంది?

వదిన: అయితే తప్పు నాదంటావు.

మరిది: తప్పని కాదు వదినా...

వదిన: కాదులే, అను. ఆ రాత్రి నువ్వున్నావా ఇక్కడ? 2013 అక్టోబరు 12. సాయంత్రం నుంచి కరెంటు లేదు, తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటుతోంది. నీ ఒక్క వేలి కిటికీలు మూడూ కప్పల్లా బెకబెకమంటున్నాయి. ఒక అద్దం పగిలి ముక్కలు మంచం మీదికొచ్చి పడ్డాయి. చిన్నాడిని బాత్రూంలో కూర్చోబెట్టి నేనూ మీ అన్నయ్యా తలుపుచెక్క ఒకటి ఊడదీసి ఆ కంతకి అడ్డంపెట్టి తెల్లారేదాకా వీపులానించి నిలబడ్డాం. తెల్లారాక ఫోన్ దొరికితే నువ్వడిగిన మొదటి మాటేంటో గుర్తుందా? "కిటికీలెలా ఉన్నాయి?"

(నిజమే, అలాగే అడిగాను. ఇల్లెలా ఉంది అనబోయి అలా వచ్చింది. ఈ మాట ఆవిడ పదిసార్లు చెప్పింది, పదిసార్లూ నా దగ్గర జవాబు లేదు.)

మరిది: ... తుఫాను చెప్పి వస్తుంది కదా. ముందురోజే బయటి నుంచి ప్లైవుడ్ షీట్లు మరలతో బిగించేస్తే అద్దానికి దెబ్బ తగలదు. కొలతకి కోసి, నంబర్లు వేసి అటక మీద పెట్టుకుంటే సరి.

వదిన: గాలి మొదలయ్యాక నిచ్చెనెక్కి మరలు తిప్పేదెవరు? నువ్వు విమానం ఎక్కొచ్చి తిప్పుతావా?

మరిది: సరే, అది వదిలేద్దాం. యూపీవీసీ వేస్తే మాత్రం అద్దం పగలదా?

వదిన: పగిలితే పగులుతుంది. మిగతా మూడొందల అరవై రోజులూ చుక్క నీళ్ళు లోపలికి రావు, చెదపట్టదు, రంగక్కర్లేదు, దోమల జాలీ దాంతోనే వస్తుంది. దోమల గురించి నువ్వు ఒక్క మాటైనా అన్నావా ఇంతసేపూ?

మరిది: జాలీ బయటి వైపు చట్రం కట్టి దీనికీ బిగించొచ్చు. కానీ వాళ్ళు చూపించేది జరుపుడు కిటికీ వదినా, ఎంత జరిపినా సగమే తెరుచుకుంటుంది.

వదిన: నీ తాడు కిటికీ ఎంత తెరుచుకుంటుందేం? అదీ సగమే!

మరిది: సగమే, కానీ ఏ సగం అన్నది మన ఇష్టం. పై పలక జానెడు దించి, కింది పలక జానెడు ఎత్తి చూడండి. వేడిగాలి పైనుంచి పోతుంది, చల్లగాలి కిందనుంచి వస్తుంది, ఫ్యాను లేకపోయినా తెలుస్తుంది. నాయనమ్మ మధ్యాహ్నాలు ఇక్కడే చాపేసుకుని పడుకునేది ఎందుకనుకున్నారు? ఇంకోటి, ఇది బర్మా టేకు...

వదిన: ఆగాగు. బరంపురంలో ఏ ఇంట్లో పీట విరిగినా అది బర్మా టేకే. మా పుట్టింట్లో, పర్లాకిమిడిలో, రోలు పక్కన పడుండే మొద్దుని కూడా బర్మా టేకనేది మా నాయనమ్మ. మీ తాతగారేమైనా రంగూన్ వెళ్ళొచ్చారా?

మరిది: వెళ్ళక్కర్లేదు. గోపాల్‌పూర్ నుంచి రంగూన్‌కి స్టీమర్లుండేవి. 1942లో జపాన్ వాళ్ళు రంగూన్ పట్టుకునేదాకా మనుషులు అటు కూలికి పోయేవాళ్ళు, టేకు ఇటు వచ్చేది. ఆ బంగళా గోపాల్‌పూర్‌దే కదా.

వదిన: మనుషులు పోయింది నిజమే, మా వాళ్ళలోనే పోయి తిరిగిరాని వాళ్ళున్నారు. కానీ ఇది మన కొండల గుగ్గిలం. ఒడియా వాళ్ళ శాల్. మా నాన్న కలప డిపోలో లెక్కలు రాసేవారు, చెక్క సంగతి నాకు చెప్పకు.

ఇక్కడ కిటికీల మాట పూర్తిగా పక్కకి పోయింది. టేకా గుగ్గిలమా అని అరగంట. అన్నయ్య ఒకసారి తొంగిచూసి మళ్ళీ టీవీ దగ్గరికి పోయాడు. చివరికి పందెం వేసుకుని, కనబడని చోట రెండు చెంచాలంత రంగు తడిపి గీకాం. పలక చెక్క బంగారు రంగులో, ముట్టుకుంటే కాస్త జిడ్డుగా, ముక్కు దగ్గర పెడితే పాత తోలు వాసన. టేకే. గోడలో దిగేసిన చట్రం మాత్రం ఎర్రటి గోధుమ రంగు, గోరు దిగనంత గట్టి. గుగ్గిలమే. ఇద్దరం గెలిచాం కాబట్టి పందెం ఎవరూ కట్టలేదు. కానీ గీకుతూ గీకుతూ మూసుకోని కిటికీ కింది పలక అడుగుచెక్క దగ్గరికి వచ్చేసరికి చాకు మొన వెన్నలోకి దిగినట్టు దిగింది. లోపల తెల్లటి పొడి.

వదిన: ఇదీ నీ టేకు!

మరిది: ఇది టేకు కాదు వదినా, చూడండి, రంగే వేరు. మామిడి చెక్కలా ఉంది, సరుకుల పెట్టెది. 1999 అక్టోబరులో పది పన్నెండు రోజుల తేడాలో రెండు తుఫాన్లు వచ్చాయి, మొదటిది మన గంజాం మీదే. అప్పుడు వడ్రంగి దొరక్క నాన్న తనే ఏదో ముక్క వేశాడు. పుచ్చింది ఆ ముక్కే, అతుకు దాటి టేకులోకి ఒక్క అంగుళం కూడా పోలేదు.

వదిన: అంటే ఇది బాగుచేసిన చోటే పాడైంది. మీ నాన్నగారు కూడా నీలాగే "మార్చడమెందుకు, బాగుచేద్దాం" అన్నవారే కదా. నీ పని ఆయన పనికంటే గొప్పగా ఉంటుందని నేనెందుకు నమ్మాలి?

(ఈ దెబ్బ బలంగానే తగిలింది. కాసేపు చాకు తుడుచుకుంటూ కూర్చున్నాను.)

మరిది: నమ్మొద్దు. పని ఎలా చేస్తానో చెప్తాను, వినండి. పుచ్చిన ముక్కని చేవ తగిలేదాకా కోసేయాలి, పైపైన లప్పం పెట్టి మూయకూడదు, నాన్న చేసిన పొరపాటు అదే. పాత కలప దుకాణంలో టేకు ముక్క దొరుకుతుంది. పోగు ఒకే వరసలో ఉండేట్టు ఏటవాలుగా అతికించాలి, నిటారుగా అతికితే నీళ్ళు ఆ గీతలోనే నిలుస్తాయి. ఉప్పుగాలికి ఇనుప మరలు తుప్పుపడతాయి కాబట్టి ఇత్తడివి వాడాలి. ఇత్తడి మెత్తన, అందుకని ముందు ఇనుప మర తిప్పి దారి చేసి, తీసేసి, ఇత్తడిదానికి సబ్బు రాసి బిగించాలి. అద్దం చుట్టూ సుద్దపొడీ అవిసె నూనే కలిపిన పుట్టీ. ఎండి పగిలిన పుట్టీ సందులోంచే నీళ్ళు దిగుతాయి, అడుగుచెక్క ముందు పుచ్చేది అందుకే. పుట్టీ ఆరాక రంగు అద్దం మీదికి ఒక నూలుపోగంత ఎక్కాలి, అప్పుడే నీళ్ళు ఆగుతాయి. తాడుకీ గిలకకీ మాత్రం రంగు తగలనివ్వకూడదు. మీ మందం అద్దం తియ్యక్కర్లేదు, గుండ్లకి బరువు కలుపుతాను. ఇందులో ఏదైనా చెడితే ఆ ఒక్కటే మార్చుకుంటాం. యూపీవీసీలో చక్రం అరిగినా రబ్బరు గట్టిపడినా, పదేళ్ళ తర్వాత ఆ కంపెనీ ఆ మోడల్ ఆపేస్తే ఏ కొట్టుకెళ్ళి అడుగుతాం?

వదిన: బాగానే చదువుకొచ్చావు. మరి ఇది చదివావా? పాత రంగుల్లో సీసం ఉంటుంది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90, దాటకూడదన్న రూలు మన దేశంలో అమల్లోకి వచ్చిందే 2017లో. మీ నాన్నగారి ఆకుపచ్చలన్నీ అంతకు ముందువి. నువ్వు గరుకు కాగితంతో బరబరా రుద్దితే ఆ దుమ్ము పీల్చేదెవరు? అక్కయ్యగారి మనవడు ఈ గదిలోనే పాకుతున్నాడు.

మరిది: పొడిగా రుద్దను. ఇందాక తడిపే గీకాం కదా. మంట పెట్టి కాల్చడం కూడా చెయ్యను, ఆ పొగ ఇంకా చెడ్డది. పలకల్ని ఊడదీసి దొడ్లోకి తీసుకుపోతాను, కింద ప్లాస్టిక్ పరుస్తాను, మాస్కు కట్టుకుంటాను, పిల్లాడిని ఆ రెండు రోజులూ ఇటు రానివ్వం. తర్వాత తడిగుడ్డతో...

వదిన: తడిగుడ్డతో తుడిచేదెవరు?

మరిది: నేనే.

వదిన: రాసివ్వు.

మర్నాడు పొద్దున్నే పడిపోయే కిటికీతో మొదలుపెట్టాను. పెట్టె కింది భాగంలో అరచేయంత మూత చెక్క ఉంటుంది, గుండు అందుకోడానికి. రంగు కింద దాని గీత వెతకడానికే గంట పట్టింది. కుడివైపు పెట్టెలోంచి పొడుగాటి పోత ఇనుప గుండు, చివర కుళ్ళిన తాడు ముక్క వచ్చాయి. ఎడమవైపు చెయ్యి పెడితే గుండ్రంగా ఏదో తగిలింది. లాగితే తక్కెడలో వేసే తూకం గుండు, చీర అంచుతో నాలుగు పేటలు చుట్టి కట్టింది. అసలు గుండు బండి మీద వస్తూ ఎక్కడో పడిపోయిందేమో మరి.

వదిన: ఇటివ్వు చూద్దాం. ఇది మీ కొట్టుదే! మీ నాయనమ్మ చెప్పేవారు, కొట్లో ఒక గుండు పోతే పనికుర్రాడు తీశాడని మీ తాతగారు వాడిని మాన్పించేశారట.

మరిది: తాతే కట్టి మర్చిపోయాడా?

వదిన: ఇంకెవరు కడతారు? పాపం ఆ కుర్రాడు ఎవరో. సరే విను. ఈ ఒక్కటీ నువ్వు చెయ్యి, వానాకాలం అయ్యేదాకా చూస్తాను. చుక్క నీళ్ళు లోపలికొచ్చినా మిగతా రెండూ కొటేషన్ ప్రకారమే. వంటింటి కిటికీ మాత్రం ఇప్పుడే మార్పించేస్తున్నాను, పొగకీ జిడ్డుకీ నా చేతులు అరిగిపోయాయి, దాని గురించి నోరెత్తకు.

మరిది: ఎత్తను.

వదిన: సోమవారం వచ్చేవాళ్ళకి ఫోన్ చేసి, మూడు కాదు, వంటింటిదొక్కటే అని నువ్వే చెప్పు. నాకు మొహమాటం.