రమ్మని పిలిచి కసురుతామా?

మొన్న తిరుపతి బస్టాండు దగ్గర జరిగింది ఊరంతా ఫోన్లలో చూసింది. వివరాలు మళ్లీ చెప్పనక్కర్లేదు. తెలుగు రాని కుటుంబాన్ని ఆటోవాళ్లు మూడింతల బాడుగ అడిగారు. ఇదేం న్యాయమన్న పెద్దాయన్ని ‘ఇష్టం లేకపోతే మీ ఊరికి పో’ అన్నారు. చుట్టూ పదిమంది ఉన్నారు, ఒక్కరూ నోరు మెదపలేదు. బాడుగ కంటే ఆ మాటే మాకు ఎక్కువ కోపం తెప్పించింది. వచ్చిపోయేవాళ్ల వల్ల పొయ్యి వెలిగే ఊరు తిరుపతి. ఈ ఊళ్లో ఆ మాట ఎలా వచ్చింది?

స్టేషన్లలో, విమానాశ్రయాల్లో ‘అతిథి దేవో భవ’ అని రాసిపెడతాం. భిన్నత్వంలో ఏకత్వమని బడిలో పిల్లలచేత వల్లె వేయిస్తాం. ఈ దేశానికి ఎందుకు రావాలని ఎవరైనా అడిగితే మన దగ్గరున్న జవాబూ అదే. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో 22 భాషలున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం కనీసం పదివేల మంది మాట్లాడే భాషలు 121. రాత్రి రైలెక్కి పొద్దున దిగేసరికి తిండి మారుతుంది, కట్టూబొట్టూ మారుతుంది, అమ్మను పిలిచే పిలుపు మారుతుంది. ఒకే వీసా మీద ఇంత వైవిధ్యం చూపించే దేశాలు ప్రపంచంలో ఎన్నో లేవు. ఆ తేడా చూడటానికే రండి అంటున్నాం. తీరా వచ్చాక ఆ తేడాను చూసే రేటు పెంచుతున్నాం. మాట వేరైతే ఒక ధర, రంగు వేరైతే ఇంకో ధర. ఇది కపటం.

ఈ కపటానికి నష్టం కూడా ఉంది. 2019లో మన దేశానికి వచ్చిన విదేశీ యాత్రికులు దాదాపు కోటీ తొమ్మిది లక్షలు. విస్తీర్ణంలో మనలో ఆరో వంతు కూడా లేని థాయిలాండ్‌కు అదే ఏడాది నాలుగు కోట్లకు దగ్గరగా వెళ్లారు. వీసాలు, మరుగుదొడ్లు, మురికి అంటూ కారణాలు చాలా చెప్పొచ్చు. వచ్చినవాడు ఇంటికెళ్లి తనవాళ్లకు ఏం చెప్పాడన్నది కూడా ఒక కారణమే. హంపి విఠలాలయంలో మనకు 40 రూపాయల టికెట్టు విదేశీయుడికి 600. పదిహేను రెట్లు కట్టించుకున్నప్పుడు తాగడానికి నీళ్లు, కూర్చోడానికి నీడ, నిజం చెప్పే గైడు ఇవ్వడం కనీస ధర్మం.

ఇంతకీ పరాయివాణ్ణి పొమ్మనే హక్కు తిరుపతికి ఉందా? ధనుర్మాసం వస్తే కొండమీద సుప్రభాతం ఆగుతుంది. ఆ నెలంతా స్వామిని మేల్కొలిపేది గోదాదేవి తమిళంలో పాడిన తిరుప్పావై. ఉత్తరాది నుంచి వచ్చిన హథీరాం బావాజీతో స్వామి పాచికలాడాడని మనవాళ్లే తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ బావాజీ మఠం మహంతులే 1843 నుంచి 1933 దాకా, అంటే తొంభై ఏళ్లు, తిరుమల ఆలయాన్ని నడిపారు. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చి, స్వామిని పెళ్లాడిన బీబీ నాంచారమ్మ మా ఆడపడుచే అని మొక్కి వెళతారు. స్వామి ఎవరినీ మీ ఊరికి పొమ్మనలేదు.

1919లో మదనపల్లెలో జరిగింది కూడా గుర్తు చేయాలి. రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చి బస చేశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్, ఆయన భార్య మార్గరెట్ ఐర్లండ్ వాళ్లు. జనగణమనను ఠాగూర్ ఇంగ్లీషులోకి మార్చి రాసింది అక్కడే. బాణీని స్వరాలుగా రాసి పెట్టడంలో సాయపడింది మార్గరెట్. బెంగాలీ కవి, ఐరిష్ దంపతులు, తెలుగు ఊరు. ఆ రోజు వాళ్లలో ఎవరినైనా భాష రాదని మదనపల్లె వెనక్కి పంపి ఉంటే మనకు ఈ గర్వం ఎక్కడిది?

చూడాల్సినవి మన దగ్గర తక్కువా? గుడిమల్లంలో పరశురామేశ్వర లింగం క్రీస్తు పుట్టకముందుదని చాలామంది పండితుల మాట. శివలింగాల్లో అంత పాతవి దేశంలో అరుదు. చంద్రగిరి విజయనగర రాజులకు చివరి రాజధానుల్లో ఒకటి. ఆ రాజుల హయాంలోనే 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు నేల దక్కింది. శ్రీకాళహస్తిలో కలంకారీ చేసేవాళ్లు ఇవాళ్టికీ బట్టను కరక్కాయ, పాలల్లో నానబెట్టి, ఇనుప ముక్కలు, బెల్లం పులియబెట్టి తీసిన నలుపుతో వెదురు కలం పట్టి గీస్తారు. మే నెలలో గంగమ్మ జాతరకు మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని, పసుపు పూసుకుని వీధుల్లోకి వస్తారు. కొండ మీంచి స్వామి చెల్లెలు గంగమ్మకు సారె వస్తుంది. ఇలాంటిది ఒక్కసారి చూసినవాడు జన్మలో మరిచిపోడు.

మరి కొండకు రోజూ వచ్చే అరవై, డెబ్బై వేల మందిలో ఇవి చూసి వెళ్లేవాళ్లు ఎంతమంది? లైను, దర్శనం, లడ్డూ, రైలు. మిగతాది మనం చూపించం. గుడిమల్లానికి దారి అడుక్కుంటూ పోవాలి. కలంకారీ పేరుతో మిషన్ ప్రింటు అంటగట్టే దుకాణాలున్నాయి. వైవిధ్యం గురించి ప్రకటనలకు డబ్బుంటుంది, ఆ వైవిధ్యాన్ని చూపించే బోర్డుకు ఉండదు. ఇదీ అదే కపటం.

ఆటోవాళ్లకూ కష్టాలున్నాయి. డీజిల్, ఫైనాన్స్ వాయిదాలు, గంటలకొద్దీ వెయిటింగు. అందరూ అలా చేయరన్నదీ నిజం. కానీ వాయిదా కట్టాలన్నది తమిళం మాట్లాడేవాడి జేబు కోయడానికి సాకు కాదు.

మనం వేలూరు ఆసుపత్రికి పోతాం. రిపోర్టులు చేతబట్టుకుని, తమిళం రాక, ఏ కౌంటరో తెలియక పడే టెన్షన్ ఈ జిల్లాలో చాలా ఇళ్లకు తెలుసు. అక్కడ ఎవరో ఒకరు చేయిపట్టి దారి చూపిస్తే కళ్లు చెమరుస్తాయి. కాశీలో ఎవరైనా పది రూపాయలు ఎక్కువ తీసుకుంటే ఇంటికొచ్చి నెలరోజులు తిట్టుకుంటాం. మనం పోయినప్పుడు కావాల్సిన మర్యాద, మన దగ్గరికి వచ్చినవాళ్లకు ఎందుకు ఇవ్వం?

అధికారులకు ఒక మాట. స్టేషన్, బస్టాండుల దగ్గర బాడుగల పట్టిక తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లీషుల్లో పెద్ద అక్షరాలతో పెట్టండి. ఫిర్యాదు నంబరుకు ఆ భాషలు వచ్చినవాళ్లను కూర్చోబెట్టండి. వారం రోజుల పని. అది చేయలేకపోతే ‘అతిథి దేవో భవ’ బోర్డులు పీకేయండి.

ఇక ఆ రోజు చుట్టూ నిలబడి ఫోన్లలో వీడియో తీసిన పదిమందికి. ఆ పెద్దాయనతో పాటు ఒక చిన్నపిల్ల ఉంది, బెదిరిపోయి తాత చొక్కా పట్టుకుని నిలబడింది. మీరు తీసిన వీడియోలోనే కనిపిస్తోంది. ఫోను జేబులో పెట్టి, ‘రా తాతా, నేను ఆటో మాట్లాడిపెడతా’ అనడానికి మీలో ఒక్కరికి నోరు రాలేదు.