పసిపిల్ల బొమ్మ కింద హెచ్చరికా?

సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక వేస్తే అర్థముంది. పిల్లల ఫొటో కింద వేస్తారా? అమెరికాలోని అట్లాంటాలో 2011లో అదే చేశారు. పిల్లల ఊబకాయం మీద ‘స్ట్రాంగ్ ఫర్ లైఫ్’ అని ప్రచారం. చేసింది పిల్లల ఆసుపత్రే, చిల్డ్రన్స్ హెల్త్‌కేర్ ఆఫ్ అట్లాంటా. హోర్డింగు మీద నలుపు తెలుపుల్లో బొద్దుగా ఉన్న పాప, ముఖంలో నవ్వన్నది లేదు. సన్నగా లేకపోతే చిన్నపిల్లగా బతకడం కష్టం అని అర్థం వచ్చే మాట కింద.

టీవీ ప్రకటన ఇంకా ఘోరం. ‘అమ్మా, నేనెందుకు లావుగా ఉన్నాను?’ అని ఎదురుగా కూర్చున్న తల్లిని బాబు అడుగుతాడు. ఆమె తల దించుకుంటుంది. చూస్తుంటే నాకు కడుపులో దేవినట్టయింది.

లావుగా ఉన్న పిల్లల తల్లిదండ్రుల్లో 75 శాతం మంది అది సమస్యని గుర్తించడం లేదని, అందుకే కటువుగా చెప్పామని ఆసుపత్రి వాళ్ల వాదన. సరే, గుర్తించనిది పెద్దవాళ్లు కదా! సరుకులు కొనేది వాళ్లు, వండేది వాళ్లు, బళ్లో ఏం పెట్టాలో తేల్చేదీ వాళ్లే. బోర్డెక్కింది మాత్రం పిల్లలు. సిగరెట్టయితే పారేయొచ్చు, పిల్లాడు తన ఒంటిని ఎక్కడ పారేస్తాడు? వెక్కిరింపులు పడ్డ పిల్లలు ఆటస్థలానికే దూరమవుతారు, దిగులుతో ఇంకాస్త తింటారు. ఇది డాక్టర్లకు నేను చెప్పాలా?

విమర్శలు గట్టిగానే వచ్చాయి. కానీ ఆ హోర్డింగు కిందనుంచి రోజూ బడికెళ్లిన బొద్దుపిల్లని తోటిపిల్లలు ఏమని పిలిచి ఉంటారో, అది పెట్టేముందు ఒక్కరికైనా తట్టలేదా?